నా కడుపు కోసం సంఘమంతా పస్తున్న మూడు రోజులు

సహోదరులారా, అన్నం పేరు చెబితే డోకొచ్చే రోజులు రెండేళ్లు గడిపినవాణ్ణి నేను. మాది ధవళేశ్వరం, ఏజెన్సీ నుంచి రాజమండ్రికి వెదురు తెచ్చే లారీకి డ్రైవర్ని, ఒళ్లు నొప్పులు తెలియవని తోటి డ్రైవర్లు అలవాటు చేసిన గంజాయి ఆరేళ్లు వదలకుండా పీల్చాను, మొదట్లో అది పీలిస్తే ఆకలి తెగ వేసేది, కడుపుకి మంచిదే కదా అనుకున్నాను, ఎంత బుద్ధిహీనుణ్ణో చూడండి!

తర్వాత మొదలయ్యాయండి వాంతులు. తెల్లారితే కడుపులో మెలిపెట్టే నొప్పి, ఒళ్లు ఎర్రబడేంత వేడినీళ్లు పోసుకుంటే తప్ప నెమ్మది లేదు, అందుకని దారిలో ఎస్టీడీ బూత్ నుంచి పక్కింటికి ఫోన్ చేసి, నా భార్య మరియమ్మను నీళ్లు కాచమని చెప్పించేవాణ్ణి. ఎవరో మందు పెట్టారని మా అమ్మ దాన్ని కక్కించేవాడి దగ్గరకు తీసుకెళ్లింది, కక్కి కక్కి చచ్చిపోతున్నవాణ్ణి ఇంకా కక్కించారు. డాక్టరు గారు "అలవాట్లేమైనా ఉన్నాయా అండి?" అని అడిగితే, పక్కన మరియమ్మ ఉంది, "ఏం లేవండి" అనేశాను. ఆయన అల్సర్ అనుకుని మందులు రాశారు.

మనిషిని సగమైపోయాను. మరియమ్మ ఏడుపు చూడలేక మా చర్చి పాస్టరు అయ్యగారు సంఘమంతా మూడు రోజులు ఉపవాసం ఉండాలన్నారు. నాట్లకు వెళ్లే అక్కలు కూడా నా కోసం పస్తున్నారు, సహోదరులారా, ఆ మూడో రోజు కూడా నేను కాలవ గట్టు మీద గంజాయి పీల్చాకే చర్చికి వచ్చాను. మరియమ్మ మోకాళ్ల మీద ఉంది. "ప్రభువా, ఆయన తప్పేమైనా ఉంటే నా మీద వెయ్యి, ఆయన కడుపు మాత్రం బాగుచెయ్యి తండ్రీ" అంటూనే కళ్లు తిరిగి ఒరిగిపోయింది.

ఇంక ఆగలేకపోయాను. ఆమె ముఖం మీద నీళ్లు చల్లి లేపాక, అందరి ముందూ ఏడుస్తూ చెప్పేశాను. అయ్యగారు కోప్పడలేదు. "ఈ మాటే డాక్టరు గారితోనూ చెప్పు నాయనా" అన్నారు. చెప్పాను. ముందు అది పూర్తిగా మానేయమన్నారాయన.

మానడం తేలికేం కాదు, నిద్ర లేదు, చెమటలు, చిరాకు, పాపం మరియమ్మ మీద ఎన్ని కేకలేశానో. నెల తిరక్కుండానే ఒకసారి జారిపోయి మళ్లీ పీల్చాను, అంతే, కాస్త తగ్గిన వాంతులు మళ్లీ మొదలు. నా కడుపును తినేస్తున్నది ఏదో దేవుడు ఆ రోజు తేటగా చూపించాడు. ఆ తర్వాత దాన్ని ముట్టలేదు, కొన్ని నెలలకు వాంతులన్నీ ఆగిపోయాయి, చర్చిలో ప్రేమ విందు పెట్టినప్పుడు ఆ అక్కలే వడ్డిస్తే రెండుసార్లు అడిగి మరీ తిన్నాను.

మీలో ఎవరైనా నాలాగే దాచుకుని కుమిలిపోతుంటే, ఈ రోజే చెప్పేయండి, మీ ఇంట్లోవాళ్లకి, డాక్టరు గారికి, ప్రభువుకి. తెలిస్తే అందరూ పొమ్మంటారనే నేను అన్నేళ్లూ దాచాను. చెప్పిన రోజున, మూడు రోజులు తిండి లేనివాళ్లు లేచొచ్చి నా తల మీద చేతులు వేశారు. మనుషులే పొమ్మనలేదు, ఆయన పొమ్మంటాడా? దేవునికే మహిమ.