గూనల మీది పెండ్లికొడుకు పన్ను

ఆ రోజుల్లో అంబులెన్సు ఉద్యోగం దొరికేసరికి నేను సగం డాక్టరునైపోయానని నాకు గట్టి నమ్మకం. (మిగతా సగం మా అమ్మ వాడకట్టంతా చెప్పి పూర్తి చేసింది.) మా బండి ఎల్లారెడ్డిలో ఉండేది. పాముకాటు, కాన్పు, గుండెనొప్పి, ఏదడిగినా గడగడా అప్పజెప్పేవాణ్ణి. పళ్ల సంగతి మాత్రం శిక్షణలో ఎవరూ ఎత్తలేదు, నేనూ అడగలేదు.

ఒక పొద్దున మహమ్మద్‌నగర్ దగ్గరి పల్లె నుంచి పిలుపు వచ్చింది. సైరన్ మోగించుకుంటూ వెళ్తే, ఒళ్లంతా పసుపుతో పెళ్లికొడుకు నోటికి తువ్వాలు అడ్డం పెట్టుకుని అరుగు మీద కూర్చున్నాడు. నలుగు పెట్టించుకుని లేస్తూ, నూనె కాళ్లతో జారి నల్లా మీద పడ్డాడట. తల, దవడ చూశాను, బాగానే ఉన్నాయి. ముందు పన్ను ఒకటి వేరుతో సహా ఊడిపోయింది. తెల్లారితే పెళ్లి. "గీ మూతితోని పీటల మీద ఎట్ల కూసోవాలె అన్నా? ఫొటోలు జూసి అందరు నవ్వుతరు" అని ఏడ్చాడు. జాలేసింది. నా సంచిలో కాన్పు సామాను కూడా ఉంది గానీ పంటికి పనికొచ్చేది దూది ఒక్కటే. చాటుకు వెళ్లి, మా బావకు పళ్లు కట్టిన కామారెడ్డి డాక్టరమ్మకు ఫోన్ చేశాను. "వేరు ముట్టకండి, రుద్దకండి. పన్ను పాలలో వేసి తొందరగా తీసుకురండి, మళ్లీ కూర్చోబెట్టొచ్చు" అందావిడ.

పోయిన ధీమా తిరిగొచ్చింది. "పన్నేది?" అని గద్దించాను. అందరూ వాళ్ల అవ్వను చూశారు. అవ్వ ఇంటి గూనపెంకుల కప్పును చూసింది.

"ఊడిన పన్ను ఇంట్ల ఉంచుకుంటరా బిడ్డా? గూనల మీద ఇసిరేసిన. గట్లేస్తెనే కొత్తది మొలుస్తది."

"పెండ్లీడు పిలగానికి మొలుస్తదా అవ్వా?"

"నాకేమెరుక? మా ఇంట్ల అందరియి గట్లనే ఏసిన."

మా డ్రైవరన్న తన పొట్టను, పెంకులను మార్చి మార్చి చూసి నిచ్చెన నాకు అప్పగించాడు. యూనిఫారంతో కప్పు మీద పాకుతుంటే కింద ఊరంతా చేరి "ఎడమకు సారూ, ఇంక మీదికి" అని దారి చూపింది. చివరికి గూనల సందులో దొరికాయి, ఒకటి కాదు, రెండు! "చిన్నది మా మనుమరాలిది! అది ఆడ్నే ఉండనియ్, దానికింక కొత్తది రావాలె" అని అవ్వ కేక వేసింది. దాన్ని భయభక్తులతో ఉన్నచోటే పెట్టి, పెద్దది పాలగ్లాసులో వేసుకుని కామారెడ్డి దాకా దాని మీంచి చూపు తిప్పలేదు. డాక్టరమ్మ దాన్ని తిరిగి కూర్చోబెట్టి పక్క పళ్లకు తీగతో కట్టింది. మరునాడు పెళ్లికొడుకు ఫొటో పంపాడు. తాళి కడుతూ కూడా తీగంతా కనిపించేలా నవ్వుతున్నాడు.

మొన్న మా బిడ్డకు మొదటి పాలపన్ను ఊడింది. నేను ఒక్క ఉరుకున వంటింట్లోకి పోయి దాన్ని పాలగ్లాసులో వేసి, బండి తాళాలు వెతుకుతున్నాను. మా ఆవిడ గ్లాసులోకి చూసి, "ఏందయ్యా ఇది? పాలపన్ను గద, మిద్దె మీద ఎయ్" అంది. సగం డాక్టరు గ్లాసులోంచి పన్ను తీసుకుని మెట్లెక్కాడు. పైన పన్ను చేతిలో పట్టుకుని నిలబడితే ఆ అవ్వ గుర్తొచ్చింది, నవ్వాగలేదు. ఏ అంబులెన్సువాడికీ దొరకకుండా మిద్దె ఆ చివరికి విసిరాను.