చేపనూనె పూసిన బల్ల

మా అక్కకు కోపం వస్తే భూమ్యాకాశాలు ఏకమవుతాయని ఊళ్ళో అనుకుంటారు. ఏకమూ కావు, గీకమూ కావు. భయపడి చెరో పక్కకు తప్పుకుంటాయి. అలాంటి మనిషి రెండేళ్ళ కిందట మా పెరట్లో నిలబడి, "ఆ బల్ల మళ్ళీ మనిషి కూర్చునేట్టు అయ్యేదాకా ఈ ఇంట్లో పచ్చి మంచినీళ్ళు ముట్టనురా" అని నా ముఖానే అనేసింది. నాకూ ఒళ్ళు మండింది. "సరే, నీ ఇష్టం" అన్నాను.

ఆ బల్ల మా నాయనది. వేపచెక్కతో ముచ్చటపడి చేయించుకున్నాడు. వీపు ఆనుకోవడానికి పలకలు, చేతులు పెట్టుకోవడానికి రెండు పక్కలా అడ్డకర్రలు. సాయంత్రాలు పెరట్లో దాని మీద కూర్చుని, దారిన పోయే ప్రతివాడికీ ఏదో ఒక వంక పెట్టేవాడు. ఆయన పోయాక, "మా ఇంట్లో చోటు లేదు, నువ్వే ఉంచుకో" అన్నది అక్కే. ఉంచుకున్నాను. అల్లూరు పక్కన మాకు రొయ్యల గుంటలున్నాయి. మేత బస్తాలు ఎక్కడో ఒకచోట పెట్టాలి గదా, నెత్తిన పెట్టుకుని తిరగలేను. బల్ల మీద పెట్టాను. ఉప్పుగాలి, వాన, చెదలు అన్నీ కలిసి దాని పని పట్టాయి. ఒక కాలు పుచ్చి పక్కకు ఒరిగింది. అక్క వచ్చి చూసిందీ, ఆ మాట అన్నదీ అప్పుడే.

అన్నది అన్నట్టే చేసింది. పక్క వీధే కాబట్టి ఆదివారం చర్చి అయ్యాక మా ఇంటికి రావడం మాత్రం మానలేదు. రావడం, వాకిట్లో మెట్టు మీద కూర్చోవడం, సంచిలోంచి తన నీళ్ళ సీసా, తన టిఫిన్ డబ్బా తీయడం. మేము లోపల చేపల పులుసు తింటుంటే ఆమె బయట పెరుగన్నం తినేది, మాకు కనపడేట్టూ వినపడేట్టూ. బావ పోయినప్పటినుంచీ ఒక్కతే వండుకుని ఒక్కతే తినే మనిషి. అమ్మ లేని నన్ను పెంచింది కూడా ఈమే. ఆమెను ఆ మెట్టు మీద చూస్తుంటే నాకు ముద్ద దిగేది కాదు. ముక్క మాత్రం దిగేది, అబద్ధమెందుకు.

"ఒట్టు పెట్టుకోవద్దని బైబిలు వాక్యంలోనే ఉంది గదా వదినా" అని మా ఆవిడ ఒకసారి అడిగి చూసింది.

"నేను ఒట్టు పెట్టుకోలా. మాటన్నాను" అంది అక్క, డబ్బా మూత బిగిస్తూ. వాదనలో ఆమెను గెలిచే మగాడు ఇంకా పుట్టలేదు. ఆడదీ పుట్టలేదని ఆ రోజు తేలింది.

సరే, కావాల్సింది బల్లే గదా, బాగు చేసి పారేద్దాం అనుకున్నాను. వడ్రంగిని పిలవమంది మా ఆవిడ. వడ్రంగి ఎందుకు, నాకు చేతుల్లేవా? నెల్లూరు పోయి రంపం, ఉలి, మరలు, ఉప్పు కాగితం తెచ్చుకున్నాను. పుచ్చిన కాలు కోసేసి కొత్త ముక్క అతికాను. తుప్పు పట్టిన మేకులు పీకి మరలు బిగించాను. చెదలు తిన్నచోట లప్పం కూరాను. ఉప్పు కాగితంతో రుద్దేకొద్దీ పాత రంగు రాలిపోయి లోపలి ఎర్రటి చెక్క బయటపడింది. అబ్బ, ఏం చెక్క! నా మీద నాకే గౌరవం పుట్టుకొచ్చింది. మా ఆవిడకు పుట్టలేదు. "నాలుగు కాళ్ళూ సమంగా ఉన్నాయా?" అని అడిగింది. లేవు. పొడుగ్గా ఉన్న కాలు కోశాను. ఇంకోటి పొడుగైంది. దాన్నీ కోశాను. కోసి కోసి సమం చేసేసరికి బల్ల పీటకు అన్నలా తయారైంది.

ఇక పైపూత. మా వీధి చివర ఒక మామ ఉన్నాడు, వయసులో సముద్రం మీదికి పోయినవాడు. "ఈ ఉప్పుగాలికి వార్నిషు యాడ నిలబడతాది అబ్బయ్యా? మేము పడవలకు చేపనూనె పూసేవాళ్ళం. చెద దరి చేరదు" అన్నాడు. ఆయన చెప్పింది పడవల సంగతి. పడవలో ఎవరూ తెల్లచీర కట్టుకుని కూర్చోరు. ఆ తేడా నా బుర్రకు తట్టలేదు. డబ్బాడు నూనె తెచ్చి, బల్ల ఎంత తాగితే అంత తాగించాను. ఊళ్ళో పిల్లులన్నీ వచ్చి చుట్టూ కూర్చున్నాయి. ఆ కంపు అణగడానికీ, కాస్త మెరుపు రావడానికీ దాని మీద రెండు పూతలు వార్నిషు కూడా వేశాను. నూనె మీద వార్నిషు ఆరుతుందా అని ఎవరినీ అడగలేదు. అడిగితే చెప్తారని భయం.

శనివారం సాయంత్రానికి కూడా చేయి వేస్తే పట్టుకుంటూనే ఉంది. మా ఆవిడ ముఖానికి రాసుకునే పౌడరు డబ్బా నేనే తెచ్చి బల్లంతా చల్లి, గుడ్డతో తుడిచాను. ఇప్పుడు చేయి జర్రున జారింది.

"అదేం పనయ్యా!" అంది మా ఆవిడ.

"ఆరిపోయింది, చూడు" అన్నాను.

ఆదివారం అక్క వచ్చింది. తెల్లచీర, చేతిలో బైబిలు, భుజాన సంచి. బల్ల చుట్టూ తిరిగి చూసింది. వేలితో గీరింది. వంగి వాసన చూసి, "ఏందిరా ఇది, చేపల మార్కెట్టులో చేయించినావా?" అంది.

"చెదలు రాకుండా అక్కా."

"చెదలేంది, మనుషులు కూడా రారు" అంటూనే కూర్చుంది. నాయన కూర్చునే మూలే. అడ్డకర్ర మీద చేయి వేసి, ఎండెక్కేదాకా దారిన పోయేవాళ్ళను చూస్తూ కూర్చుంది. మా ఆవిడ పులుసు వేడి చేయడానికి వంటింట్లోకి పరుగెత్తింది.

"బల్ల బాగైంది గదా. లే, లోపలికి పోదాం" అన్నాను.

లేవబోయింది. లేవలేకపోయింది. ఎండకు లోపలి నూనె మెత్తబడి, వార్నిషూ పౌడరూ కలిసి పాకమై, చీరను బల్లకు అంటించేశాయి. బల్ల పొట్టిదయ్యె, పట్టు దొరకదు. నేను చేయి పట్టి లాగితే అక్కతోబాటు బల్ల వెనక కాళ్ళు కూడా పైకి లేచాయి. "వదల్రా, చీర చిరిగిపోతాది!" అని అరిచి మళ్ళీ కూలబడింది. మా ఆవిడ గరిటెతో బయటికి వచ్చింది, చూసింది, గరిటెతోనే లోపలికి పారిపోయింది. నవ్వు మాత్రం పెరట్లోకి వినపడుతూనే ఉంది.

కిరసనాయిలు తెస్తానన్నాను.

"ముందు చేపనూనె, ఇప్పుడు కిరసనాయిలు. అగ్గిపెట్టె కూడా తెచ్చుకో, ఒక పనైపోతాది" అంది అక్క.

నాకు తిక్క రేగింది. "ఇదంతా ఎవురికోసం చేసినాననుకున్నావు? నువ్వు మా ఇంట్లో అన్నం తినాలని గదా! బల్ల బాగైతే తింటానన్నావు. చేతులు బొబ్బలెక్కేదాకా రుద్దినాను. ఇంకేం చెయ్యమంటావు?"

అక్క నావైపు చూసింది. ఆమె కోపం నాకు పుట్టినప్పటినుంచీ తెలుసు. ఇది కోపం కాదు.

"కోపంలో మనిషి లక్ష అంటాది. బల్లంటాది, మంచినీళ్ళంటాది. నువ్వేమన్నావు? 'సరే, నీ ఇష్టం' అన్నావు. ఈ రెండేళ్ళలో ఒక్క వారమన్నా 'తిను అక్కా' అన్నావంట్రా? నేను ఆ మెట్టు మీద వచ్చి కూర్చునేది దేనికనుకున్నావు?"

మావైపు అలిగినవాళ్ళను అన్నానికి పిలిచే పద్ధతి ఒకటుంది. మొదటిసారి పిలిస్తే ఆకలి లేదంటారు. రెండోసారి పిలిస్తే వద్దు పొమ్మంటారు. మూడోసారి పిలిస్తే వచ్చి, అందరికంటే రెండు ముద్దలు ఎక్కువే తింటారు. పెళ్ళిళ్ళలో అలిగిన చుట్టాలను బతిమాలి పంక్తికి లాక్కొచ్చే పని ఊళ్ళో నాదే. అక్క దగ్గరికి వచ్చేసరికి వడ్రంగం నేర్చుకున్నాను.

లోపలికి పోయి కంచంలో అన్నం పెట్టి, పులుసు పోసి, తలకాయ ముక్క వేసి తెచ్చాను. ఆమె ముందు మట్టిలోనే చతికిలబడ్డాను.

"తిను అక్కా."

"నాకేం ఆకలి లేదు."

"తిను అక్కా."

"నాకొద్దు పో."

మూడోసారి అనబోయి, తలకాయ ముక్కలో ముళ్ళు ఏరుతూ కూర్చున్నాను.

"అనరా" అంది అక్క. "ఆకలేస్తాంది నాకు."