తాలుకాయల్లా ఏరేసిన ఫైళ్ళు

2009లో, ఎండలు తగ్గి వానలు మొదలైన రోజులు. గుంటూరు బ్రాడీపేటలో నాకో చిన్న కంప్యూటర్ రిపేరు షాపు ఉండేది. ఊరి బయట మిర్చి కోల్డ్ స్టోరేజీ ఓనరు కోటేశ్వరరావు గారు ఫోన్ చేశారు.

"కంప్యూటర్ నిండా వైరస్సులేనయ్యా! లారీ గేటు దగ్గరుంది, సరుకు తీయలేకపోతున్నాం. ఉన్నపళంగా రా."

ఆ కంప్యూటర్ పెట్టింది నేనే. ఏ రైతు బస్తాలు ఏ ఛాంబరులో, ఏ వరుసలో ఉన్నాయో అందులోని ఒక్క లాట్ల ఫైలుకే తెలుసు. అది లేకుండా కప్పుదాకా పేర్చిన వేల బస్తాల మధ్య, ఆ చలిలో ఒక రైతు బస్తాల లాటును వెతకడమంటే మాటలు కాదు.

వెళ్ళేసరికి తెరనిండా ఎర్రటి విండో. ప్రమాదమంటూ హెచ్చరికలు, పాడైన ఫైళ్ళ పేర్లు, కింద రిజిస్టర్ చేసుకోమని బటన్. నాకు ఒళ్ళు మండింది. దీన్ని మేం ఫేక్ యాంటీవైరస్ అంటాం. కాపాడతానంటూ వచ్చి కూర్చుని, లేని రోగాలు చెప్పి, మందు కొనమని బెదిరించే దొంగ ప్రోగ్రామ్. అసలైన యాంటీవైరస్ అంత డిస్కును స్కాన్ చేయడానికి గంట తీసుకుంటుంది. ఇది నిమిషంలో ముగించి, మళ్ళీ మొదలెడుతోంది.

ఆపరేటర్ సలోమి గోడకి ఆనుకుని నిలబడింది. "ఈ అమ్మాయే ఏదో నొక్కి తెచ్చింది. రేపట్నుంచి రావొద్దని చెప్పేశా" అన్నారు ఓనరు, ఆమె వినేలా.

"ఏమన్నా డిలీట్ చేశావా అమ్మా?" అని అడిగాను. ఆమె ఆయన వైపు చూసి, "లేదండీ" అంది.

వైరస్సులు తీసే నా క్లీనింగ్ సీడీ పెట్టబోతూ, ఎందుకైనా మంచిదని లాట్ల ఫోల్డర్ తెరిచాను. ఖాళీ! కానీ ఎర్ర విండోలో మాత్రం ఆ ఫైలు పేరే మెరుస్తోంది. లేని ఫైలుకు వైరస్ ఏమిటి? దొంగ దొరికిపోయాడు, సరే. మరి ఫైలేదీ?

"సార్, మీరు ఆ లారీ డ్రైవర్‌కి కాస్త సర్దిచెప్పి రండి" అని ఓనరును బయటికి పంపాను.

"నేను తిట్టనమ్మా. ఏం చేశావో చెప్పు."

సలోమికి ఏడుపొచ్చేసింది. "ఎర్రగా చూపించినవన్నీ ఏరేశానండి. చిన్నప్పట్నుంచి మిర్చి కల్లంలో తెల్లబడ్డ తాలుకాయలు ఏరినదాన్ని. తెల్లకాయ నాలుగు కనపడితే బస్తా రేటే పడిపోద్ది. ఇవీ అంతేననుకున్నా."

"రీసైకిల్ బిన్‌లో ఉన్నాయా?"

"అదీ ఖాళీ చేశానండి. ఏరిన తాలు పక్కనే ఉంచితే మళ్ళీ కలిసిపోతయ్ గదా."

వెంటనే ప్లగ్గు పీకేశాను. డిలీట్ చేసిన ఫైలు అప్పటికప్పుడే పోదు, దాని చోటు ఖాళీ అని మాత్రమే కంప్యూటర్ రాసుకుంటుంది. యంత్రం నడిచేకొద్దీ ఆ చోట్లోకి కొత్తవి వచ్చి కూర్చుంటాయి. డిస్కు మీద కొత్త ఫైళ్ళు రాసే ఆ సీడీ నడిపి ఉంటే నా చేతులతోనే ఆ ఫైలును తుడిచేసేవాణ్ణేమో.

హార్డ్ డిస్కు ఊడదీసి నా ల్యాప్‌టాప్‌కి తగిలించి, రికవరీ మొదలుపెట్టాను. పోయిన ఫైళ్ళను తవ్వితీసే పని అది. బయట లారీ హారన్ ఆగడం లేదు. ఓనరు లోపలికొచ్చి "ఇంకెంతసేపయ్యా?" అంటూ నా వెనకే పచార్లు. పేర్లు ఒక్కొక్కటే వస్తున్నాయి. కొన్ని సగమే ఉన్నాయి, కొన్ని తెరుచుకోవడం లేదు. సలోమి కళ్ళు మూసుకుని ప్రార్థన చేసుకుంటోంది. నిజం చెప్పాలంటే నేనూ అదే పనిలో ఉన్నాను.

చివరికి లాట్ల ఫైలు వచ్చింది, తెరుచుకుంది. ముందు దాన్ని పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించాను. తర్వాత డిస్కు బిగించి, సేఫ్ మోడ్‌లో, అంటే అత్యవసరమైనవి తప్ప మరేదీ నడవని పద్ధతిలో, ఆన్ చేసి దొంగ ప్రోగ్రామ్‌ను వేళ్ళతో సహా తీసేశాను.

"ఇంతకీ ఆ ఫైలు ఎట్లా పోయింది?" అన్నారు ఓనరు.

వైరస్ తినేసిందని చెప్పబోయాను. ఈలోగా సలోమి ముందుకొచ్చి, "నేనే తీసేశానండి. భయమేసి చెప్పలేదు" అంది.

ఆయన కుర్చీని ఆమె వైపు జరిపారు. "కూర్చో. ఆ లాటు ఎక్కడుందో చూడు" అన్నారు. ఆమె కంగారులో వేరే ఫైలు తెరిచింది.

"నిదానంగా చూడమ్మా. లారీని నేను ఆపుతాలే" అని ఆయనే గేటు వైపు నడిచారు.

అప్పట్నుంచి ఎవరు పిలిచినా, యంత్రం ముట్టుకోకముందే యజమానిని ఏదో వంకతో బయటికి పంపి, దాని ముందు కూర్చునే మనిషితో మాట్లాడతాను. వాళ్ళు భయపడి దాచిన సంగతి తెలియకుండా పని మొదలుపెడితే, వైరస్ వదిలేసిన ఫైళ్ళను నేనే చంపేస్తాను.