పన్నీరు పక్కన బర్రె

నేను రిటైరవడానికి మూడేళ్ల ముందు, మలక్‌పేటలోని ఒక చిన్న కంపెనీలో సీనియర్ వెబ్ డిజైనర్‌గా ఉండగా, మాదన్నపేట పాల వ్యాపారి నర్సింగ్ పని నాకు అప్పగించారు. హోదా పెద్దదే: నా కింద యాదగిరి ఒక్కడు, పైన ఫ్యాన్.

జహనుమాలోని ఒక ఫంక్షన్ హాలువాళ్లు పెళ్లిళ్ల సీజనంతా పాలు, పెరుగు, పన్నీరు ఎవరి దగ్గర కొనాలో ఆ రోజు పన్నెండింటికి తేల్చబోతున్నారు. సరుకుల వివరాలు మెయిల్‌లో పంపమన్నారు. ఆర్డరు వస్తుందన్న ధీమాతో నర్సింగ్ అప్పటికే నాలుగు బర్రెలు కొన్నాడు.

అలాంటి మెయిల్‌ను కూడా వెబ్ పేజీలాగే కడతాం. పాత పద్ధతిలో టేబుల్ గీసి, ఒక గడిలో ఫొటో, పక్క గడిలో పేరు పెట్టేవాళ్లం. కొత్త పద్ధతి సీఎస్ఎస్: ఏది ఎక్కడ నిలబడాలో విడిగా ఆదేశాలు రాస్తాం. నాది సీఎస్ఎస్ పక్షం. టేబుళ్లతో పేజీ కట్టడాన్ని ఆఫీసులో నిషేధించి, దాన్ని సంస్కరణ అనుకున్నాను.

"అన్నా, మెయిల్‌కు టేబులే మంచిగుంటది," అన్నాడు యాదగిరి. వినలేదు. సీఎస్ఎస్‌తో కట్టి, బ్రౌజర్‌లో చూసుకుని, ముచ్చటపడి పంపాను.

పదిన్నరకు నర్సింగ్ ఫోన్ చేశాడు. "ఏంది సార్ గిది? పన్నీర్ అని రాసి పక్కకు మా బర్రె బొమ్మ పెట్టిండ్రు! కిలోల లెక్క ఇస్తవా, తాడుతోటి ఇస్తవా అని హాలాయన నవ్వుతుండు. మస్తు ఇజ్జత్ పోయింది."

హాలు కంప్యూటర్‌లోని పాత మెయిల్ ప్రోగ్రాముకు నా ఆదేశాలు సగం అర్థం కాలేదు. అర్థం కానివి అది వదిలేసింది. అలంకారానికని మెయిల్ పైభాగాన నేను ఠీవిగా నిలబెట్టిన బర్రె ఫొటో ఒక మెట్టు దిగి పన్నీరు పక్కన నిలబడింది. పన్నీరు ఫొటో పెరుగు దగ్గరికి పోయింది.

యాదగిరి బల్ల దగ్గరికి నేనే వెళ్లి, టేబుల్ గీద్దామా అన్నాను.

"నిషేధం గదన్నా?"

"గంటసేపు ఎత్తేసిన."

"గంటెందుకు? అర్ధగంట చాలు."

ఈసారి ముందు మా రిసెప్షన్‌లోని పాత కంప్యూటర్‌కు పంపి, మెయిల్ ప్రోగ్రాములోనే తెరిచి చూశాం. బర్రె పైనే ఉంది. పన్నెండుకు పావుగంట ముందు హాలుకు పంపాం. ఆర్డరు నర్సింగ్‌కే వచ్చింది. వచ్చిన మెయిళ్లలో తనకు గుర్తున్నది ఆ బర్రె మెయిలొక్కటేనని హాలు యజమాని చెప్పాడట. దాన్ని నా ప్రతిభ కింద ఎవరూ రాయలేదు.

పేజీని ఏ పద్ధతిలో కట్టాలో తేల్చుకునే ముందు, దాన్ని ఎవరు, దేంట్లో తెరుస్తారో అడగాలి. మిగిలిన మూడేళ్లూ అడిగాను. బ్రౌజర్‌లో తెరిచేవాటికి సీఎస్ఎస్ వాడాను, మెయిళ్లన్నీ యాదగిరికి ఇచ్చాను.