తుడుపులమ్మ తడిగుడ్డ

హోటల్ లాండ్రీలో పనిచేసిన రోజుల్లోనే ఆవిడకి తుడుపులమ్మ అనే పేరు పడిపోయింది. భోజనాల బల్లల మీది గుడ్డలు, చేతిరుమాళ్లు విప్పి, మరకని బట్టి కుప్పలు వేరుచేయడం ఆవిడ పని. ఘుమఘుమలాడే సెంటు పూసుకొచ్చే పెద్దమనుషులు రుమాలు మడతలో ఏం దాచిపెట్టి పోతారో ఆవిడకి తెలిసినంతగా వాళ్లని కన్నవాళ్లకి కూడా తెలియదు. నమిలి మింగలేక ఉమ్మేసిన మాంసం పీచులు, చీకి వదిలేసిన ఎముకలు, ఒకసారైతే ఏకంగా పళ్లసెట్టు. మనిషి నోటిని మించిన మురిక్కాలువ లేదని అక్కడే తేల్చేసుకుంది. లాండ్రీ మానేసినా ఆ అసహ్యం మాత్రం ఆవిణ్ణి వదల్లేదు. ఇంట్లో ఎప్పుడు చూసినా భుజం మీద ఒక తడిగుడ్డ ఉండాల్సిందే.

అలాంటి మనిషి ఒళ్లో పసిపిల్లని పెట్టి, కూతురు మళ్లీ బస్సు నడిపే ఉద్యోగానికి వెళ్లడం మొదలుపెట్టింది.

పాపకి పాలపళ్లు నాలుగు వచ్చాయి. ఇన్నాళ్లూ జారుగా చేసిన గుజ్జుతో నెట్టుకొచ్చారు గానీ, ఇక కాస్త పలుకులుగా ఉండేది అలవాటు చేయమని నర్సు చెప్పింది. పాప ఒప్పుకుంటేగా! చెంచా కనబడితే చాలు, మూతి బిగించి మొహం తిప్పేసుకునేది. పాలు తప్ప ఇంకేదీ దిగడం లేదు. కిందటిసారి తూచినప్పుడు బరువు కూడా తగ్గింది.

"అమ్మా, ఈసారి కూడా తగ్గితే నేను ఉద్యోగం మానేస్తాను. దాని చేతులు చూడు, ఎలా పుల్లల్లా అయిపోయాయో" అంది కూతురు, బూట్లు వేసుకుంటూ.

తుడుపులమ్మ గుండెల్లో రాయి పడింది. ఆడపిల్ల అంత పెద్ద బండి తిప్పుతుందా అని ఎగతాళి చేసిన వాళ్లందరి నోళ్లూ మూయించి తెచ్చుకున్న ఉద్యోగం అది. "నువ్వెళ్లవే. నేను తినిపిస్తానుగా" అని పంపేసింది.

తినిపించడమంటే మాటలా! ఉడికిన క్యారెట్టూ బంగాళాదుంపా కలిపి మెదిపి, ఒక చెంచా పెట్టింది. అందులో సగం వెంటనే చొంగతో కలిసి గడ్డం మీదికి జారింది. తుడిచింది. రెండో చెంచా ముక్కుదాకా పాకింది. అక్కడ ముందే ఉన్న చీమిడి, ఈ పసుపచ్చటి ముద్ద ఒకటైపోయాయి. "ఛీ ఛీ, చూళ్లేక చస్తున్నా" అంటూ మళ్లీ తుడిచింది. పెదాలు, బుగ్గలు, మెడ మడతలు, వేళ్ల సందులు. మూడో చెంచాకి మూతికి తాళం పడిపోయింది.

తల ప్రాణం తోకకొచ్చి, ముందు బల్లైనా శుభ్రం చేద్దామని ఆవిడ గుడ్డ ఎత్తింది. చేతిలో చెంచా లేదు, గిన్నె ఎక్కడో దూరంగా ఉంది. అయినా పాప గబుక్కున పెదాలు బిగించి, మొహం అటు తిప్పేసుకుంది.

తుడుపులమ్మ చెయ్యి అలాగే ఆగిపోయింది. గుడ్డ దించింది. పాప ఇటు తిరిగింది. ఎత్తింది. పాప అటు తిరిగింది. పిల్ల పోట్లాట తిండితో కాదు, ఈ గుడ్డతో! వెధవ గుడ్డ అని తిట్టుకుంటూ దాన్ని తీసుకెళ్లి స్నానాల గదిలో పడేసి తలుపు వేసి వచ్చి, గిన్నెని పాప ముందుకి జరిపింది.

తర్వాత జరిగింది ఆవిడ పగవాళ్లకి కూడా రాకూడదు. పాప ముద్దని పిడికిట్లో పిసికింది. వేళ్ల సందుల్లోంచి వచ్చింది నాకింది. మిగిలింది జుట్టుకి రాసుకుంది. ఒక పలుకు నాలుక వెనక్కి పోయేసరికి వాక్ అంది, మళ్లీ తనే ముందుకు తెచ్చుకుని నమిలింది. తుడుపులమ్మ చేతులు తొడల కింద పెట్టుకుని కూర్చుంది. తట్టుకోలేక ఒక్కసారి మొహం చిట్లించింది.

పాప నమలడం ఆపేసింది. ఆవిడ మొహంలోకి చూసింది. ముక్కు ముడిచి, పెదవి వంకర తిప్పి, నోట్లోదంతా బయటికి తోసేసింది. అచ్చం అమ్మమ్మ మొహమే, చిన్న సైజులో.

ఇక మొహానికి కూడా కాపలా కాయాల్సి వచ్చింది. పంటి బిగువున మొహాన నవ్వు అతికించుకుని కూర్చుంటే, పాప మళ్లీ గిన్నెలో చెయ్యి పెట్టింది. ఈసారి పలుకులు లోపలికి వెళ్లాయి. ఒకటి, ఇంకొకటి.

భోజన విరామానికి కూతురు ఇంటికొచ్చి, ఆ దృశ్యం చూసి గుమ్మంలోనే నిలబడిపోయింది. సరిగ్గా అప్పుడే పాప తన నోట్లోంచి సగం నమిలిన ముద్ద ఒకటి తీసింది. తీగలా చొంగ సాగుతుండగా దాన్ని అమ్మమ్మ పెదాలకి అదిమి, ఆవిడ మొహంలోకి తేరిపార చూసింది.

తుడుపులమ్మకి లాండ్రీలో విప్పిన రుమాళ్లన్నీ ఒక్కసారిగా కళ్లముందు తిరిగాయి. నోరు తెరిచింది. ముద్ద వెచ్చగా, జిగటగా, ఉప్పగా ఉంది. ఆ ఉప్పదనం ఎక్కడిదో ఆలోచించకుండా మింగేసింది.

"భలే ఉందమ్మా" అంది.

పాప కిలకిలా నవ్వి, తనూ ఒక ముద్ద నోట్లో కుక్కుకుంది.

"అమ్మా, నీ మొహమంతా అయింది. గుడ్డ తెచ్చివ్వనా?" అంది కూతురు నెమ్మదిగా.

గడ్డం మీంచి చొంగ మెడలోకి కారుతోంది. తుడుపులమ్మ నవ్వు చెదరనివ్వలేదు.

"ఇప్పుడొద్దే. అది చూస్తోంది."