సంపూర్ణమ్మ పోసిన నీళ్ళు

మా పేటలో యాభై ఏళ్ళ లోపు వాళ్ళని ఎవరినైనా ఆపి అడగండి, పుట్టినప్పుడు నీళ్ళు పోసింది సంపూర్ణమ్మే అంటారు. నాకూ ఆవిడే పోసింది. ఆవిడ చేతికి వచ్చిన మొదటి బిడ్డని నేనేనట. "నువ్వు నా తొలి బోణీవిరా రమేషూ, బోణీ మంచిదైతే వ్యాపారం మంచిదే" అని నలుగురిలో అనేది. ఆ మాట గుర్తొస్తే ఇప్పుడు నాకు అన్నం సహించదు.

ఆవిడ పని పసిపిల్లలకీ బాలింతలకీ నీళ్ళు పోయడం. రాజమండ్రిలో ఆస్పత్రులెన్ని వచ్చినా ఆ పనికి మనిషి కావాలి. పీట మీద కూర్చుని, కాళ్ళు చాపి, ఆ కాళ్ళ మీద బిడ్డని బోర్లా పడుకోబెట్టుకుని ఆముదం పట్టించేది. ఆ తర్వాత సున్నిపిండి నలుగు, ఆపైన చెంబుతో నీళ్ళు. పని చేస్తున్నంతసేపూ మాటలుండవు. బిడ్డ ఏడుస్తుంటే "ఊఁ... ఊఁ..." అంటూ ఉండేది. పక్కన ఎవరేం మాట్లాడినా అదే సమాధానం. వీధిలో బాంబు పడిందని చెప్పినా "ఊఁ" అనేదే.

నీళ్ళకి ఆవిడ లెక్క ఒకటుంది. కాగులో మసిలే నీళ్ళు రెండు చెంబులైతే చన్నీళ్ళు మూడు చెంబులు. కలిపాక మోచెయ్యి ముంచి చూసేది. అరచేతుల్ని నమ్మేది కాదు, మసిలే కాగుల్లో చెంబు ముంచీ ముంచీ అవెప్పుడో మొద్దుబారిపోయాయి. కళ్ళు కూడా పొగకి పాడయ్యాయి. నలభై ఏళ్ళ పైన కొబ్బరి మట్టలూ డొక్కలూ ఎగదోస్తూ పెరళ్ళలో కూర్చుంటే ఏ కళ్ళు నిలుస్తాయి?

అందుకే నేను సోలార్ వాటర్ హీటర్ల పనిలో దిగినప్పుడు నాకంటే ఆవిడే ఎక్కువ సంబరపడింది. వెళ్ళిన ప్రతి ఇంట్లోనూ నా గురించే చెప్పేది. "పొగ లేదు, కరెంటు లేదు, ఎండకే నీళ్ళు కాగుతాయటమ్మా. మా రమేషు పెడతాడు." నా మొదటి పది ఇళ్ళలో ఆరు ఆవిడ నోటి మాట మీద వచ్చినవే. బట్టల హోల్‌సేల్ వ్యాపారం చేసే నాగేశ్వరప్రసాద్ గారిల్లూ అలా వచ్చిందే. వాళ్ళమ్మాయి శ్రీదివ్య పురిటికి పుట్టింటికి వచ్చింది. గీజరు ఆ ఇంటి మందికి చాలడం లేదు, పెరట్లో కాగు పెడితే పొగంతా శ్రీదివ్య గదిలోకే పోతోంది. ప్రసాద్ గారి భార్య అమ్మణ్ణి గారిని సంపూర్ణమ్మే ఒప్పించింది.

డాబా మీద గాజు గొట్టాల సెట్టు బిగించాను. పని బాగానే చేశాను, ఒక్కటి తప్ప. సోలార్ నీళ్ళు ఒక్కోరోజు చెయ్యి పెడితే ఊడిపోయేంత కాగుతాయి. అందుకని కిందికి వచ్చే గొట్టానికి ఒక వాల్వు వేస్తారు. అది తనంతట తనే చన్నీళ్ళు కలిపి వేడిని హద్దులో ఉంచుతుంది. ఆ వాల్వు నా దగ్గర అయిపోయింది. "వచ్చే వారం వేస్తానండి" అన్నాను. సరేనన్నారు. ఆ వారం రానే లేదు, నేను రానివ్వలేదు.

బిడ్డ పుట్టింది. ఆడపిల్ల. అది కార్తీక మాసం, బిడ్డకి పదకొండు రోజులు నిండాక ముసురు పట్టింది. ఆరు రోజులు సూర్యుడు లేడు. కొళాయి తిప్పితే గోరువెచ్చటి నీళ్ళు తప్ప రావడం లేదు. పెద్దవాళ్ళకి అవి చన్నీళ్ళే, పసిపిల్లకి మాత్రం సరిగ్గా సరిపోయేవి. కలపాల్సిన పని లేకపోయేసరికి సంపూర్ణమ్మ బకెట్టూ లెక్కా వదిలేసి, చెంబుని కొళాయి కిందే పట్టి పోయడం మొదలుపెట్టింది. ఆరు రోజుల్లో అదే అలవాటైపోయింది.

ఏడో రోజు ప్రసాద్ గారు ఫోన్ చేశారు. "ఏంటయ్యా రమేషూ, సోలారు సోలారని చెప్పి ఇంటిల్లిపాదికీ చన్నీళ్ళ స్నానాలు చేయిస్తున్నావు? కార్తీక స్నానాలకైతే గోదావరి ఉందిగా, నువ్వెందుకు?"

ఆ ఎగతాళి నాకు గుచ్చుకుంది. నా కోపం సంగతి మా ఇంట్లో అందరికీ తెలుసు, ముక్కు మీదే ఉంటుంది. పదకొండింటికి వాళ్ళింటికి పోయి, బయటి మెట్ల మీంచి డాబా ఎక్కాను. ఎండ లేని రోజుల కోసం ట్యాంకులో కరెంటు కాయిల్ ఒకటి ఉంటుంది. దానికి కనెక్షన్ ఇచ్చి, వేడిని హద్దులో పెట్టే థర్మోస్టాట్‌ని చివరికంటా తిప్పేశాను. వేడి కావాలా, తీసుకోండి వేడి అనుకున్నాను. యాభై ఐదు డిగ్రీల దగ్గర ఆపాల్సింది. వాల్వు లేని ఇంట్లో అసలు ముట్టుకోకూడదు. ఇవి నాకు తెలియని సంగతులు కావు.

మెట్లు దిగుతుంటే స్నానాలగది కిటికీలోంచి సంపూర్ణమ్మ గొంతు వినిపించింది. "ఊఁ... ఊఁ..." బిడ్డకి నలుగు పెడుతోంది. నాలుగడుగులు వేసి, కిటికీ దగ్గర నిలబడి, "పిన్నీ, రేపట్నుంచి నీళ్ళు మసిలిపోతాయి, కలుపుకో" అంటే చాలు. పురిటి గది వైపు మగవాణ్ణి ఎందుకులే అనుకున్నాను, దిగాక ప్రసాద్ గారికి చెబుదామనుకున్నాను. ఇంతలో ధవళేశ్వరం నుంచి ఇంకో పార్టీ ఫోన్ చేశాడు. మాట్లాడుతూనే గేటు దాటి బండెక్కేశాను.

మర్నాడు పొద్దున్న తొమ్మిదింటికి బిడ్డ ఒళ్ళు కాలింది.

జరిగింది ఇది. చన్నీళ్ళకి జడిసి ఇంట్లో ఎవరూ అప్పటిదాకా స్నానానికి దిగలేదు. మొదట కొళాయిలో వచ్చేవి గొట్టంలో నిలవున్న నీళ్ళు. అవి గోరువెచ్చబడగానే సంపూర్ణమ్మ మోచెయ్యి పెట్టి చూసుకుంది, రోజూలాగే ఉన్నాయి. ఒక చెంబు పోసింది. రెండో చెంబు పోసింది. మూడో చెంబు పట్టేసరికి డాబా మీది నీళ్ళు దిగాయి. చెంబు పట్టుకున్న అరచేతికి ఏమీ తెలియలేదు. బిడ్డ కేకకి అమ్మణ్ణి గారు వంటింట్లోంచి పరిగెత్తుకొచ్చేసరికి నడుము నుంచి ఎడమ మోకాలి కింద దాకా తోలు లేచిపోయి ఉంది.

పంతొమ్మిదో రోజు బిడ్డ. బారసాల ఇంకా కాలేదు, పేరు లేదు. ఆస్పత్రి కాగితాల మీద 'శ్రీదివ్య గారి పాప' అని రాశారు.

కబురు తెలిసి నేనూ వెళ్ళాను. ఆస్పత్రి వరండాలో ప్రసాద్ గారు నిలబడి ఉన్నారు. సంపూర్ణమ్మ గోడ వారన నేల మీద కూర్చుని ఉంది, చీర ఇంకా తడిగానే ఉంది. ప్రసాద్ గారు నన్ను చూసి మెల్లగానే అడిగారు.

"నిన్న నువ్వొచ్చి డాబా ఎక్కావటగా. వేడి పెరుగుతుందని మా ఇంట్లో ఎవరికైనా చెప్పావా?"

నోరు తెరిచాను. నిజం చెబుదామనే తెరిచాను, ఒట్టు. కానీ వచ్చిన మాట వేరు.

"చెప్పానండి. మెట్లు దిగుతూ సంపూర్ణమ్మ పిన్నికి కేకేసి చెప్పాను. ఊఁ అందండి."

ఆవిడ తలెత్తి నా వైపు చూసింది. అబద్ధం అంటుందనుకున్నాను, అంటే ఒప్పేసుకుందును. ఆవిడ ఆలోచించింది. నుదుటి మీద చెయ్యి పెట్టుకుని, నిన్నటి పొద్దుని వెతుక్కుంటున్నట్టు చాలాసేపు ఆలోచించింది.

"అనే ఉంటాను బాబుగారూ" అంది ప్రసాద్ గారితో. "పనిలో ఉంటే నేనలాగే అంటాను. వాడు చెప్పే ఉంటాడు, నా బుర్రకే ఎక్కలేదు."

తిన్నింటి వాసాలు లెక్కపెట్టడం అంటారే, అది నేను చేశాను. నా తొలి స్నానం ఆవిడ చేత్తో, నా తొలి గిరాకీ ఆవిడ నోటితో. ఆ రెండూ తినేసి నోరు తుడుచుకున్నాను.

ఆ ఇంటివాళ్ళు పోలీసుల దాకా పోలేదు. "కావాలని చేసిందా ఏంటి పాపం, వయసు మీద పడింది, చేతులు మొద్దుబారాయి" అన్నారు అమ్మణ్ణి గారు. జాలిపడే అన్నారు. ఆ జాలి మాటే ఇల్లిల్లూ తిరిగింది. తిట్టి ఉంటే ఆవిడ పక్షాన ఒకరిద్దరైనా మాట్లాడేవారేమో. నెల తిరక్కుండా సంపూర్ణమ్మని పిలిచేవాళ్ళు లేకుండా పోయారు. నలభై ఏళ్ళ పైన చేసిన పని మూడో చెంబుతో కొట్టుకుపోయింది. ఇప్పుడు కొడుకు ఇంటి అరుగు మీద కూర్చుని, కొట్లవాళ్ళిచ్చిన చింతపండు పిక్కలు తీస్తుంది.

పాప బతికింది. మోకాలి వెనక తోలు ముడుచుకుపోయి కాలు పూర్తిగా చాచలేదు. రెండుసార్లు ఆపరేషన్ చేశారు, ఎదిగేకొద్దీ ఇంకా చెయ్యాలట, అందుకని అమ్మమ్మ దగ్గరే ఉంటోంది.

నేను మాత్రం బాగుపడ్డాను. ఆ ఇంటి వాల్వు వాళ్ళు ఆస్పత్రిలో ఉండగానే వేసేశాను. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడం నాలాంటి వాళ్ళ గురించే అన్నారు. ఇప్పుడు వాల్వు లేకుండా ఏ ఇంట్లోనూ బిగించను. ఇంట్లో ఆడవాళ్ళని కొళాయి దగ్గరికి పిలిచి, వేడి సంగతి రెండుసార్లు చెప్పి మరీ కదులుతాను. "రమేష్ బాబు చాలా జాగ్రత్త మనిషి" అంటారు.

మూడేళ్ళు గడిచాయి. మొన్న మాఘంలో మా అమ్మాయి తేజస్వికి కొడుకు పుట్టాడు. "నాన్నా, నీకు పోసిన చేత్తోనే వీడికీ పోయించు. అందరూ మానేస్తే మనమూ మానెయ్యాలా?" అంది. నిజం తెలియని పిల్ల.

వెళ్ళి పిలిచాను. సంపూర్ణమ్మ పిక్కలు తీయడం ఆపలేదు.

"వద్దురా. ఈ చేతుల్ని నేను నమ్మను. ఆ రోజు నువ్వు చెప్పిన మాటే వినలేదు, రేపు నీ మనవడు ఏడిస్తే మాత్రం వింటానా?"

"విను పిన్నీ..."

"రోజూ గుర్తు చేసుకుంటాను రమేషూ. నువ్వు మెట్లు దిగడం గుర్తుంది, నీ ఫోను మోగడం గుర్తుంది. నీ కేక ఒక్కటే గుర్తు రాదు. దానికే నాకు భయం. ఇంకెన్ని మర్చిపోయానో."

మూడేళ్ళుగా ఆవిడ పిక్కలు ఒలుస్తూ, నేను వెయ్యని కేక కోసం వెతుక్కుంటోంది. ఆవిడ కాళ్ళ దగ్గర కూర్చున్నాను.

"నేను కేక వెయ్యలేదు పిన్నీ. చెప్పనే లేదు. అబద్ధమాడాను. నీ తప్పు రవ్వంత కూడా లేదు."

ఆవిడ చేతులు ఆగిపోయాయి. కొడుతుందనుకున్నాను. ఏడుస్తుందనుకున్నాను. చింతపండు అంటిన అరచేతులు తిప్పి తిప్పి చూసుకుంది.

"నాతో చెప్తే ఏం లాభం? అమ్మణ్ణమ్మగారింట్లో చెప్పు. చెప్పి రా, నీ మనవడికి పోస్తాను."

మర్నాడే వెళ్ళాను. అమ్మణ్ణి గారు తలుపు తీశారు. వెనకాలే పాప, ఎడమకాలు ఈడ్చుకుంటూ వచ్చి ఆవిడ కొంగు పట్టుకుని నన్ను చూసింది.

"ఏంటి రమేషూ, ఇలా వచ్చావు?"

ఆ కాలు చూశాను.

"ఏం లేదండి. గొట్టాలు తుడవాలేమో చూసి పోదామని."

డాబా ఎక్కి గొట్టాలు తుడిచాను. ఒక్కో గొట్టం రెండేసి సార్లు తుడిచాను. దిగి, వాళ్ళిచ్చిన కాఫీ తాగి వచ్చేశాను. ఆ తర్వాత ఇంకో రెండుసార్లు వెళ్ళాను, రెండుసార్లూ అంతే. నా మనవడికి మూడో నెల. వాడికి నీళ్ళు మా ఆవిడే పోస్తోంది, భయం భయంగా.

షాపుకి వెళ్ళే దారిలోనే సంపూర్ణమ్మ వాళ్ళ అరుగు. చెప్పావా అని ఆవిడ ఒక్కసారీ అడగలేదు. ఊళ్ళో ఎవరితోనూ అననూ లేదు. ఇవాళ పొద్దున్న బండి ఆపి నేనే అన్నాను.

"రేపు తప్పకుండా వెళ్తాను పిన్నీ."

పిక్కలు ఒలుస్తూ, తలెత్తకుండా, "ఊఁ" అంది.