శెనక్కాయ పెట్టని పేజీ

కాలువకు నీళ్ళు వదిలారంటే ఆ సంగతి ముందు నా ముక్కుకే తెలుస్తుంది. ఈ ఉదయం నంద్యాలలో మా మేడ మీద బట్టలు ఆరేస్తుంటే ఆ బురద వాసన వచ్చింది. నలభై ఆరేళ్ళ మనిషిని, బళ్ళో అరవైమంది పిల్లల్ని ఒక్క చూపుతో కూర్చోబెట్టేదాన్ని, తడి చీర చేత్తో పట్టుకుని అలాగే నిలబడిపోయాను. ఆ వాసనంటే నాకు ఇప్పటికీ వణుకే. ఆ భయాన్ని ఏం చేసుకోవాలో నాకు చెప్పిన మనిషి ఒకామె ఉండేది, మేరీ రత్నమ్మ టీచర్.

ఎనిమిదేళ్ళ కిందట నేను బదిలీ మీద ఆళ్ళగడ్డ బడికి వెళ్ళేసరికి ఆమె రిటైర్మెంటుకు దగ్గరగా ఉంది. పొట్టి మనిషి, గొంతు మాత్రం వీధి చివరికి వినిపించేది. నేను దొంగచాటుగా నవల రాస్తున్నానని ఎలాగో పసిగట్టింది. సముద్రంలో మునిగిన ఓడ, అందులో తిరిగే చచ్చినవాళ్ళు, అదీ నా కథ. ఆదివారం తాను చర్చి నుంచి వచ్చాక తెమ్మంది. ఆమె చదివే పద్ధతే వేరు. చేటలో శెనక్కాయలు పక్కన పెట్టుకుని పైకి చదువుతుంది. తనకు భయం వేయని పేజీ మీద ఒక కాయ పెట్టి పక్కకు నెడుతుంది. ఆ రోజు చేట ఖాళీ అయింది.

“ఏందిమే ఇది? సముద్రం అడుగున గబ్బిలాలు యాడివి?”

“ఓడ పాడుబడింది కదా టీచర్.”

“పాడుబడితే నీళ్ళల్లో ఎగురుతాయా? గొలుసులంట, పుర్రెలంట. సముద్రం సూసినావా నువ్వు?”

లేదన్నాను. ఆమె కళ్ళజోడు తీసి నన్నే చూసింది. “పిల్లల్ని యాగంటికి తోలుకపోయినప్పుడు కోనేట్లో ఒక్క మెట్టు దిగలే నువ్వు. నేను సూస్తానే ఉండా. ఏం జరిగింది?”

ఎవరికీ చెప్పనిది ఆమెకు చెప్పాను. నాకప్పుడు పదకొండేళ్ళు, చెల్లెలు పద్మకు ఏడు. కాలువలో కాళ్ళు కడుక్కుంటూ పద్మ జారింది. చెయ్యి పట్టుకున్నాను. నీళ్ళు దాన్ని లాగాయి, నా కాళ్ళ కింద గట్టు కూడా జారింది. ఆ తర్వాత నా చేతిలో దాని చెయ్యి లేదు. ఇంట్లో మాత్రం, నేను దూరంగా ఉన్నాను, చూడలేదని చెప్పాను. నీరు పల్లమెరుగు, నిజం దేవుడెరుగు అన్నారు ఊళ్ళోవాళ్ళు. అమ్మ మళ్ళీ అడగలేదు. అడుగుతుందేమోనని నేను మాత్రం రోజూ చచ్చాను.

టీచర్ నన్ను ఓదారుస్తుందనుకున్నాను, ప్రార్థన చేస్తుందనుకున్నాను. రెండూ చేయలేదు.

“నువ్వు ఇడిసిపెట్టినావా, అదే జారిపోయిందా?”

“తెలీదు టీచర్.”

“అదే రాయి. దయ్యాలకు ఎవరు భయపడతారు? ఆ తెలీకపోవడం ఉండాదే, అదీ భయమంటే.”

వారమంతా రాశాను. ఓడ అడుగు గదిలో కటిక చీకటి. మెడ దాకా నీళ్ళల్లో ఒంటరిగా ఒకామె. ఒక చిన్న చెయ్యి వచ్చి ఆమె మణికట్టు పట్టుకుంటుంది. లాగదు. ఈసారైనా ఆమె విడవకుండా ఉంటుందా అని ఊరికే పట్టుకుని ఉంటుంది. అది రాస్తున్నంతసేపూ నా కాళ్ళు కుర్చీ మీదికి ముడుచుకునే ఉన్నాను. పట్టపగలే.

మరుసటి ఆదివారం టీచర్ ఆ పేజీ సగం దాకా చదివింది. గొంతు తగ్గిపోయింది. ఒక శెనక్కాయ చేతిలోకి తీసుకుని, తిరిగి చేటలో వేసేసింది.

“ఇది మల్లా సదవను. పోయి రెండు కాఫీలు పెట్టుకోని రాపో” అంది. వంటింట్లో కాఫీ కలిపాను. ఆ రోజంత సంతోషం నాకు ఎప్పుడూ కలగలేదు.

పోయిన ఏడాది పుస్తకం అచ్చయ్యేసరికి టీచర్ లేదు. నా భయమంతా అమ్మ గురించే. దాచేద్దామనుకున్నాను, కానీ పక్కింటివాళ్ళు ముందే తెచ్చి ఆమె చేతిలో పెట్టారు. అమ్మ అక్షరాల కింద వేలు పెట్టుకుని చదువుతుంది. మూడు రోజులు ఆమె కంట పడకుండా తిరిగాను. నాలుగో రోజు మధ్యాహ్నం పిలిచింది. పుస్తకం ఆ పేజీ దగ్గరే తెరిచి ఉంది.

“ఈ సెయ్యి మన పద్మదేనా?”

తల ఊపాను.

“నాకు ఆ పొద్దే తెలుసులేమ్మా. నీ సేతి మింద దాని గోళ్ళు దిగిన గాట్లుండె. పసుపు పెట్టింది నేనే గదా. నా బిడ్డను పట్టుకున్నావని అప్పుడే తెలిసె. నువ్వే సెప్తావులే అని సూస్తాంటి, ఇన్నేండ్లూ.”

ఆమె ఒడిలో తల పెట్టుకుని చిన్నపిల్లలా ఏడ్చాను.

నీళ్ళంటే భయం పోలేదు. పోతుందని టీచర్ కూడా ఏనాడూ అనలేదు. కానీ పద్మ ఎలా పోయిందని ఎవరైనా అడిగితే, చూడలేదని ఇప్పుడు చెప్పను. చెయ్యి పట్టుకున్నానని చెప్తాను. ఆ తర్వాత విడిచానో, జారిందో తెలీదని కూడా చెప్తాను.